రక్షణ, జీవ పరిణామం: యూత్ బైబిల్ స్టడీలో రెండిటినీ కలిపి చెప్పడం ఎలా

ఇంటర్ రెండో ఏడాది జంతుశాస్త్రంలో జీవ పరిణామం పాఠం చదివిన బైపీసీ పిల్లలు యూత్ మీటింగులో అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, ఆదాము నిజంగా లేకపోతే యేసు ప్రభువు ఎవరి కోసం చనిపోయినట్టు?" దీనికి "సైన్సు వేరు, వాక్యం వేరు, కలపొద్దు" అని జవాబిస్తే పిల్లలు మళ్లీ అడగరు. ప్రశ్న మాత్రం వాళ్లతోపాటే డిగ్రీకి, హాస్టలుకి వెళ్తుంది. అందుకే పాస్టర్లకు, సండే స్కూల్ టీచర్లకు, యూత్ లీడర్లకు పనికొచ్చేలా నాలుగు వారాల పాఠ్యక్రమం ఇది. పది నుంచి ఇరవై మంది ఉన్న గుంపు, వారానికి గంటన్నర సరిపోతాయి.

ముందుగా దిశ సరిచూసుకోవాలి. చాలాచోట్ల ఈ పాఠం భూమి వయసుతో మొదలై, ఆదాము కాలం మీద వాదనగా మారి, చివరి ఐదు నిమిషాల్లో సిలువ దగ్గరికి వస్తుంది. అప్పటికే సగం మంది ఫోన్లు చూస్తుంటారు. దీన్ని తిరగేయాలి: క్రీస్తు దగ్గర మొదలుపెట్టి ఆదాము దగ్గరికి వెనక్కి రావాలి. పౌలు చేసింది అదే. మొదటి కొరింథీయులు 15వ అధ్యాయం క్రీస్తు మరణ పునరుత్థానాలతో మొదలవుతుంది (3, 4 వచనాలు); ఆదాము పేరు 22వ వచనంలో గానీ రాదు. ఆదాము ఎవరన్నది పౌలుకు క్రీస్తు వెలుగులో అర్థమైంది. పిల్లలకూ అదే వరుసలో చెబితే, ఆదాము విషయంలో అభిప్రాయం తేడా వచ్చినా రక్షణ పునాది కదలదు.

మొదలుపెట్టే ముందు

పాస్టర్ గారితోనూ సంఘ పెద్దలతోనూ ముందే మాట్లాడండి. ఏం చెప్పబోతున్నారో వాళ్లకు మీ నోటి నుంచే తెలియాలి. పిల్లలు ఇంటికెళ్లి చెబితే తెలిసిందంటే రెండో వారమే క్లాసు ఆగిపోతుంది. మీ సంఘ విశ్వాస ప్రమాణం తీసి చదవండి. ఆరు దినాల సృష్టిని అక్షరాలా నమ్మాలని అందులో రాసి ఉంటే, మీరు చెప్పేది "మిగతా క్రైస్తవులు ఎలా ఆలోచించారు" అనే పద్ధతిలో ఉండాలి, అదీ పెద్దల అనుమతితోనే. అలా లేకపోతే అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని చేతిలో పెట్టుకోండి. దేవుడు భూమ్యాకాశాల సృష్టికర్త అని అది ఒప్పుకుంటుంది. ఎప్పుడు, ఏ పద్ధతిలో అన్నది చెప్పదు. ఆదాము పేరు అందులో లేనే లేదు.

కథోలిక యువతకైతే దారి కొంత స్పష్టంగా ఉంది. మనిషి శరీరం పూర్వ జీవుల నుంచి వచ్చిందా అన్నది పరిశోధించవచ్చని 12వ పయస్ పోపు 1950లోనే రాశారు. ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడన్నారు. మనుషులు ఒకే జంట నుంచి కాక ఎక్కువ మంది నుంచి వచ్చారనే మాట జన్మపాప బోధతో (ఆదాము పాపం పుట్టుకతోనే అందరికీ సంక్రమిస్తుందనే బోధ) ఎలా పొసుగుతుందో కనబడటం లేదని కూడా రాశారు. 1996లో రెండో జాన్ పాల్ పోపు, పరిణామం కేవలం ఊహాప్రతిపాదన స్థాయి దాటిందన్నారు.

మొదటి వారం: చీటీలు

బోర్డు మీద మూడు గళ్లు గీయండి: "సైన్సు పరీక్షించగలిగేది", "సైన్సు చేతికి అందనిది", "రెండూ తగిలేది". ముందే ఎనిమిది చీటీలు రాసి ఉంచుకోండి. దేవుడు సృష్టికర్త, భూమి వయసు, మనిషి శరీరం ఏర్పడిన తీరు, మనిషిలో దేవుని స్వరూపం, అందరూ పాపం చేశారు, అందరూ ఒకే జంట సంతానం, పాపం వల్ల మరణం వచ్చింది, క్రీస్తు లేచాడు. ఒక్కో చీటీని ఒకరు తీసి, కారణం చెప్పి, గడిలో అంటించాలి. దీనికి నలభై నిమిషాలు కేటాయించండి, తొందరపెట్టొద్దు.

సాధారణంగా మూడో గడిలో తేలేవి రెండే: ఒకే జంట, మరణం. అసలు గొడవ ఎంత చిన్న చోట ఉందో పిల్లలు కళ్లారా చూడటమే ఈ వారం ఫలితం. ఎవరో ఒకరు "క్రీస్తు లేచాడు" చీటీని మొదటి గడిలో పెడతారు, చచ్చినవాళ్లు లేవరని సైన్సు చెబుతోంది కదా అని. మందలించకండి. మామూలుగా జరిగేదాన్ని సైన్సు చెబుతుంది. ఒక్కసారే జరిగిందని సాక్షులు చెప్పే సంగతిని చరిత్రలా, సాక్ష్యంలా తూచాలి. ఇక్కడ చర్చించాల్సింది సాక్షుల మాట గురించి. పరిణామానికి దీంతో పని లేదు.

ఆ తర్వాత కీర్తన 139:13 చదివించండి: "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే." పిండం ఎలా ఎదుగుతుందో ఆ పిల్లలు పదో తరగతికల్లా చదివేశారు. కణ విభజన తెలిసింది కాబట్టి ఈ కీర్తన అబద్ధమైందని ఎవరైనా అనుకున్నారా అని అడగండి. ఒక మనిషిని దేవుడు తొమ్మిది నెలల సహజ ప్రక్రియ ద్వారా నిర్మించాడని ఒప్పుకున్నవాళ్లకి, మనుష్యజాతిని సుదీర్ఘ ప్రక్రియ ద్వారా నిర్మించాడన్న మాట వినడానికైనా దారి తెరుచుకుంటుంది.

రెండో వారం: ఏడు చార్టుల మీద కాలం

సైన్సు భాగం గుంపులో బైపీసీ చదివినవారితో చెప్పించండి. సంఘంలో డాక్టరు గానీ సైన్సు లెక్చరర్ గానీ ఉంటే మరీ మంచిది. కావలసినవి: ఏడు డ్రాయింగ్ చార్టులు (28 అంగుళాల పొడవువి), జిగురు టేపు, స్కేలు, స్కెచ్ పెన్నులు. పొడవు వైపున వరసగా అంటిస్తే అయిదు మీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. గోడకు పట్టించి కుడి చివర "ఈ రోజు" అని రాయండి. కొలత: 1 సెంటీమీటరుకు 1 కోటి ఏళ్లు.

భూమి పుట్టుక ఎడమ వైపు 4.54 మీటర్ల దగ్గర. జీవం ఆనవాళ్లు సుమారు 3.5 మీటర్ల దగ్గర. రకరకాల జంతువుల శిలాజాలు ఒక్కసారిగా విరివిగా కనిపించే కేంబ్రియన్ కాలం 54 సెంటీమీటర్ల దగ్గర. 18 సెంటీమీటర్ల దగ్గర మన గోదావరి లోయ డైనోసార్‌ను పెట్టండి: కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలను పరిశీలించి పి. యాదగిరి 1988లో దానికి ఆ పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. వీలైతే ఒక శనివారం అక్కడికే తీసుకెళ్లండి. ఆదాము కంటే ముందు మరణం ఉందా అనే ప్రశ్న, ఆ ఎముకల కింద నిలబడినప్పుడు ఎవరూ అడగకుండానే వస్తుంది.

డైనోసార్ల అంతం 6.6 సెంటీమీటర్ల దగ్గర. చింపాంజీల వంశమూ మన వంశమూ విడిపోయింది 6, 7 మిల్లీమీటర్ల మధ్య. మన జాతి శిలాజాల్లో అతి పాతవి సుమారు 3 లక్షల ఏళ్లవి, అంటే 0.3 మిల్లీమీటరు: పెన్సిల్ గీత. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో, 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం నుంచి వచ్చి పడిన బూడిద పొర ఉంది. ఆ పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. చార్టు మీద అది వెంట్రుక మందం. ఇక 6,000 ఏళ్లను ఏ పెన్నుతోనూ గీయలేం. క్రీస్తుపూర్వం 4004 అనే తేదీ బైబిల్లో ఎక్కడా లేదనీ, అది 17వ శతాబ్దపు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ వేసిన లెక్క అనీ ఇక్కడే చెప్పేయండి.

ఆధారాలు రెండు చాలు, ఎక్కువైతే గుర్తుండవు. మొదటిది క్రోమోజోములు. చింపాంజీకి 24 జతలు, మనకు 23. మన రెండో క్రోమోజోములో, పూర్వం రెండు క్రోమోజోముల కొసలు అతుక్కున్న చోటు ఇప్పటికీ కనిపిస్తుంది. కొసల్లోనే ఉండాల్సిన డీఎన్ఏ వరుస అక్కడ మధ్యలో ఎదురెదురుగా ఉంది. రెండోది విటమిన్ సి. దాన్ని శరీరంలోనే తయారుచేసే జన్యువు చాలా క్షీరదాల్లో పనిచేస్తుంది. మనలోనూ కోతుల్లోనూ చింపాంజీ లాంటి తోకలేని వానరాల్లోనూ చెడిపోయి పడి ఉంది. "గినీ పిగ్‌లోనూ చెడిపోయింది కదా" అని ఒక తెలివైన పిల్ల అడగొచ్చు. నిజమే, కానీ అక్కడ వేరే విధంగా చెడింది. మనకూ చింపాంజీకీ చెడిన తీరు ఒకేలా ఉండటం ఉమ్మడి పూర్వీకుల గుర్తు.

ఈ వారం సాధారణంగా చెడేది మూడు చోట్ల. ఒకటి, సృష్టి దినాలను యుగాలుగా సర్దే ప్రయత్నం. "ఒక్కో రోజు వంద కోట్ల ఏళ్లు" అంటే వినడానికి బాగుంటుంది, వరుస మాత్రం కుదరదు: మొక్కలు మూడో దినం, సూర్యుడు నాలుగో దినం, పక్షులు ఐదో దినం, నేల జంతువులు ఆరో దినం. శిలాజాల్లో నేల జంతువులే ముందు. రెండు, "మైటోకాండ్రియల్ హవ్వ దొరికింది, బైబిల్ రుజువైంది" అనే వాట్సాప్ సందేశం. ఆమె ఆ కాలంలో ఉన్న ఏకైక స్త్రీ కాదు. ఇప్పుడున్న అందరి తల్లుల వరుసలూ వెనక్కి వెళ్తే కలిసే చోటు మాత్రమే. నేటి మనుషుల డీఎన్ఏ వైవిధ్యం లెక్కగడితే, మన జాతి ఉన్న ఈ 3 లక్షల ఏళ్లలో జనాభా ఇద్దరికి కుదించుకుపోయిన జాడ కనబడదు. పూర్వీకులు వేలల్లో ఉన్నారు. మూడు, "సైన్సు చెప్పలేని చోట దేవుడున్నాడు" అనే వాదం. సైన్సు ఆ ఖాళీ నింపిన రోజున దేవుణ్ణి మనమే బయటికి పంపినవాళ్లమవుతాం. ప్రకృతి గురించి తెలియక మాట్లాడే క్రైస్తవుల వల్ల లేఖనాలకే చెడ్డపేరు వస్తుందని వేదాంతి అగస్టీన్ ఐదో శతాబ్దం మొదట్లోనే హెచ్చరించాడు.

మూడో వారం: ఆదాము, పాపం

ఇదే కీలకమైన వారం. క్రైస్తవులు పట్టుకున్న దారులు నాలుగు. పిల్లల్ని నాలుగు జట్లుగా చేసి ఒక్కో దారి ఇవ్వండి; ప్రతి జట్టూ తన దారి దేన్ని కాపాడుతుందో, ఎక్కడ ఇరుకున పడి బిగుస్తుందో రెండూ చెప్పాలి.

మొదటిది, విస్తరించిన మానవ జనాభాలోంచి దేవుడు ఒక జంటను పిలిచి, ఆజ్ఞ ఇచ్చి, అందరికీ ప్రతినిధులుగా నిలిపాడన్నది. రోమా 5లో ఆదాము, క్రీస్తు ఇద్దరూ ప్రతినిధులుగానే కనిపిస్తారు కాబట్టి పౌలు వాదం చెక్కుచెదరదు. క్రీస్తు నీతి మనకు రక్తసంబంధం ద్వారా రాలేదు కదా, ఆదాము పాపం మాత్రం రక్తసంబంధం ద్వారానే రావాలా అన్నది ఈ జట్టు బలం. కయీను తనను చూసినవాళ్లు చంపుతారని భయపడటం (ఆదికాండం 4:14), ఊరు కట్టడం (4:17) కూడా ఇక్కడ తేలిగ్గా ఇముడుతాయి. బిగిసేది: దూరాన, ఆ ఆజ్ఞ వినని మనుషులకు ఆ ప్రాతినిధ్యం ఎలా న్యాయం?

రెండోది, ఆదాము కథ ప్రతి మనిషి కథ, ఇశ్రాయేలు కథ అన్నది. ఆదాముకు తోట, ఆజ్ఞ, తిరుగుబాటు, వెలివేత. ఇశ్రాయేలుకు కనాను దేశం, ధర్మశాస్త్రం, విగ్రహాలు, బబులోను చెర. రెండిటినీ పక్కపక్కన బోర్డు మీద రాస్తే పిల్లలు తామే గుర్తుపడతారు. ఆదికాండం ఏ రకం రచనో దాన్ని ఇది గౌరవిస్తుంది. బిగిసేది: పాపం చరిత్రలో జరిగిన పతనం కాదు, సృష్టిలోనే ఉన్న లోపం అన్నట్టవుతుంది, అప్పుడు నింద సృష్టికర్త మీద పడుతుంది. లూకా 3:38 వంశావళిని కూడా వివరించాల్సి వస్తుంది.

మిగతా రెండూ క్లుప్తంగా చాలు. తొలి మనుషుల గుంపు మొత్తంగా దేవుణ్ణి ఎరిగి కాదన్నదన్నది మూడోది. కొన్ని వేల ఏళ్ల కిందటి ఒక జంట కూడా నేటి మనుషులందరికీ వంశవృక్షంలో పూర్వీకులు కావచ్చన్నది నాలుగోది. వంశవృక్షంలో ఉమ్మడి పూర్వీకులు అంత దగ్గరి కాలంలోనే ఉండగలరని 2004లో గణిత నమూనాలు చూపించాయి. వంశంలో పూర్వీకుడైనంత మాత్రాన అతని డీఎన్ఏ మనలో ఉండాలని లేదు కాబట్టి జన్యుశాస్త్రం దీన్ని కాదనలేదు, అవుననీ చెప్పలేదు.

మా మొగ్గు మొదటి దారి వైపు. పిల్లల చేత దాన్నే ఒప్పించే పని మాత్రం పెట్టుకోకండి. నాలుగు దారుల్లో ఏది పట్టుకున్నా "నాకు రక్షకుడు కావాలి" అన్న మాట నిలుస్తుందా లేదా అన్నదే పరీక్ష.

తర్వాతి పెద్ద పొరపాటు పాపాన్ని జంతు స్వభావంతో సమానం చేయడం. "కోపం, కామం కోతి నుంచి వచ్చాయి, రక్షణ అంటే కోతిని చంపడం" అని ఉత్సాహంగా బోధించేవాళ్లున్నారు. ఇది తప్పు. ఆకలి, భయం, లైంగిక కోరిక, తన గుంపు మీద అభిమానం వారసత్వంగా వచ్చిన మాట నిజమే. తల్లిప్రేమ, సహకారం, జాలి కూడా ఆ దారినే వచ్చాయి. యాకోబు 1:14, 15 తీయండి: కోరిక గర్భం ధరిస్తేనే పాపం పుడుతుంది, కోరికే పాపం కాదు. యేసు నలభై దినాల ఉపవాసం తర్వాత ఆకలిగొన్నాడు, శోధింపబడ్డాడు, పాపం చేయలేదు (హెబ్రీ 4:15). ఆయన ధరించింది మన శరీరాన్నే. ఆ శరీరంలో అతుక్కున్న రెండో క్రోమోజోమూ, చెడిపోయిన విటమిన్ సి జన్యువూ ఉన్నాయి; లేకపోతే ఆయన పూర్తిగా మనిషి కాడు. క్రీస్తు తనలోకి తీసుకోనిది స్వస్థపడదని నాలుగో శతాబ్దంలో నజియాంజుకు చెందిన వేదాంతి గ్రెగొరీ రాసింది ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

మరి పాపం జన్యువుల్లో లేకపోతే ఒకరి నుంచి ఒకరికి ఎలా వస్తుంది? దీనికి కులాన్ని ఉదాహరణగా తీసుకోండి. మన సంఘాలకు ఇది బయటి విషయం కాదు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన ఊళ్లో పుట్టిన పిల్లవాడు ఎవరి గ్లాసు ఎక్కడ పెట్టాలో బడికి వెళ్లే వయసుకే నేర్చుకుంటాడు. వాడు దాన్ని కనిపెట్టలేదు, ఎంచుకోలేదు; కానీ పదహారేళ్లకు అదే గ్లాసు తన చేత్తో పక్కన పెట్టినప్పుడు ఆ పాపం వాడిదే. పుట్టకముందే ఉన్న బంధకం, తానే చేసిన అపరాధం: జన్మపాప బోధ చెప్పే రెండు ముక్కలూ ఇక్కడ కలిసి కనిపిస్తాయి. హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు భాగస్వాములైన 2013 నాటి జన్యు అధ్యయనం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఈ దేశంలో జనసమూహాలు విస్తృతంగా కలిశాయనీ, ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకోవడం బిగిసిందనీ చూపించింది. కులం జన్యువుల్లోంచి పుట్టలేదు. మనుషులు గీసిన గీతే జన్యువుల్లో మిగిలింది. ఈ చర్చ వేడెక్కుతుంది. ఆపకండి, కానీ గుంపులో ఎవరి కులాన్నీ ఎవరూ ప్రస్తావించకూడదని ముందే చెప్పండి.

నాలుగో వారం: మరణం

ఇక్కడ తేలిక జవాబు లేదు, ఉన్నట్టు నటించొద్దు. ముందు వాక్యం ఏం చెబుతోందో చూడాలి. రోమా 5:12లో మరణం వచ్చింది "మనుష్యులందరికీ". జంతువుల ప్రస్తావన లేదు. కీర్తన 104:21లో సింహపు పిల్లలు వేట కోసం గర్జించి దేవుణ్ణే ఆహారం అడుగుతాయి, అదీ స్తుతి కీర్తనలో. యోబు 39 చివర పక్షిరాజు పిల్లలు రక్తం పీల్చడం దేవుడు తన నోటితోనే వర్ణిస్తాడు. "నీవు వాటిని తిను దినమున నిశ్చయముగా చచ్చెదవు" (ఆది 2:17) అన్న తర్వాత కూడా ఆదాము 930 ఏళ్ల వయసు దాకా బతికాడు. అంటే ఆ దినాన తెగింది దేవునితో సంబంధం. తోటలో జీవవృక్షం ఉండటమే మనిషి శరీరం స్వతహాగా మర్త్యమని సూచిస్తుంది. అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ నాలుగో శతాబ్దంలో అలాగే బోధించాడు. మనిషి తన స్వభావరీత్యా నశించేవాడే, దేవుని కృప వల్లనే నిలవాల్సినవాడు.

ఇంతవరకు బాగానే కుదురుతుంది. బిగిసేది మొదటి కొరింథీ 15:26 దగ్గర: "కడపట నశింపజేయబడు శత్రువు మరణము." మరణం శత్రువైతే, కోట్ల ఏళ్లు మరణం మీదుగా నడిచిన పరిణామాన్ని దేవుడు ఎందుకు వాడుకున్నాడు? కొందరు వేదాంతులు సృష్టి మొదటి నుంచీ పూర్ణం కాదని, పూర్ణతకు ప్రయాణమనీ అంటారు. రెండో శతాబ్దపు బిషప్ ఐరేనియస్ ఆదాము హవ్వలను ఎదగాల్సిన పసిపిల్లలుగా చూశాడు, క్రీస్తు మానవ జీవితాన్ని మళ్లీ మొదటి నుంచి నడిచి సరిచేశాడన్నాడు. మరికొందరు సిలువ మీద దేవుడు జీవులన్నిటి బాధలోకీ దిగాడంటారు. రెండూ సహాయపడతాయి, రెండూ ప్రశ్నను పూర్తిగా మూయవు. జవాబు ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో అలాగే చెప్పండి.

ఐరేనియస్ దారి యువతకు బాగా నచ్చుతుంది, అందులోనే ఒక ఉచ్చు ఉంది. "పరిణామం పైకి తీసుకెళ్తోంది, క్రీస్తు ఆఖరి మెట్టు" అని జారిపోతారు. ప్రకృతి వరణానికి మంచి అనే గమ్యం లేదు. ఆ పరిస్థితుల్లో ఎక్కువ సంతానం మిగిల్చేదే నిలుస్తుంది. రక్షణ దానికి ఎదురు దిశలో నడుస్తుంది: బలహీనుడి కోసం బలవంతుడు ప్రాణం పెట్టడం, వంశం పేరు లేనివాణ్ణి కుమారుడుగా దత్తత తీసుకోవడం. అది కృప, ఎదుగుదల కాదు. మెట్లెక్కి చేరేదైతే సిలువ అక్కర్లేదు.

చివరి ఇరవై నిమిషాలు రోమా 8:18–25కి ఉంచండి. "సృష్టి యావత్తు ఇదివరకు ఏకగ్రీవముగా మూలుగుచు ప్రసవవేదన పడుచునున్నది" అన్న వచనాన్ని ఆ ఏడు చార్టుల ముందు నిలబడి చదివించండి. ఆ మూలుగు మన ఒక్కరిదే కాదని, విమోచన కూడా మన ఆత్మలకే పరిమితం కాదని, శరీరం, సృష్టి రెండూ అందులో ఉన్నాయని వచనమే చెబుతుంది. దానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు.

తర్వాత ఒక పెట్టెలో పేరు రాయని ప్రశ్నల చీటీలు వేయించి, వాటిని పాస్టర్ గారితో కూర్చుని చదవండి. ఒప్పుకోని పిల్లలుంటే, వాళ్ల తల్లిదండ్రుల నమ్మకాన్ని క్లాసులో ఎవరూ ఎగతాళి చేయకుండా చూడటం మీ బాధ్యత. ఈ పాఠాల్ని బాప్తిస్మం తరగతిలో మాత్రం కలపకండి: అక్కడ అడగాల్సింది క్రీస్తును ప్రభువుగా ఒప్పుకుంటావా అన్నదే, నాలుగు దారుల్లో ఏది నీదన్నది కాదు.